అమ్మ చీరలు, అక్క మాటలు, గళ్ళ మీద పూలు

విశాఖపట్నం అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 38. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు, రోజూ స్కూటీ మీద వెళ్ళొస్తారు. పోయిన ఏడాది అమ్మగారు చనిపోయారు. చీరలు పంచుకున్నప్పుడు పట్టువన్నీ అక్కగారు తీసుకుని, "రోజూ కట్టే నూలు చీరలు నాకెందుకే, నువ్వే ఉంచుకో" అని మిగతావి ఈవిడకు వదిలేశారు. వాటిలో మంగళగిరి గళ్ళ చీరలున్నాయి, పెడన కలంకారీలున్నాయి, పొందూరు ఖద్దరు ఉంది. నాన్నగారు రైల్వేలో కొత్తవలస-కిరండూల్ లైను మీద పనిచేసిన రోజుల్లో ఒడిశాలోని కోరాపుట్ వైపు కొన్న కోట్‌పాడ్ నేత చీర కూడా ఒకటుంది. వాటిని బీరువాలో దాచిపెట్టడం ఇష్టం లేక, బాగా నలిగిన చీరల్ని కోయించి టాప్‌లు కుట్టించుకోవడం మొదలుపెట్టారు. గళ్ళ టాప్‌కి కలంకారీ చేతులు, చారల టాప్ మీద చుక్కల చున్నీ, ఇలా రకరకాల డిజైన్లు కలిపి వేసుకుంటున్నారు.

కొన్ని బాగా కుదిరాయట. కొన్నిటిలో "ఏదో తేడా కొడుతోంది, ఏమిటో పట్టుకోలేకపోతున్నాను" అని రాశారు. ఆఫీసులో ఒక సీనియర్ "ఏంటమ్మా, ఇంట్లో కర్టెన్లు కట్టుకొచ్చేశావా" అని నలుగురి ముందు నవ్వారు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే భర్త మామూలు రోజుల్లో "నీ ఇష్టం" అంటారు, ఫంక్షన్లకు బయల్దేరేటప్పుడు మాత్రం "ప్లెయిన్‌ది ఏదైనా కట్టుకోరాదూ" అంటారు. అసలు గొడవ అక్కతో. గాజువాక నుంచి వచ్చినావిడ నీలం గళ్ళ టాప్ చూసి, "అమ్మ చీరలు కోసి బొంత కుట్టుకున్నావా? ఆ నీలం గళ్ళది కూడానా?" అని, కలిపిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. వచ్చే నెలలో ఆ అక్క కూతురి నిశ్చితార్థం. ఇంటి ఆడవాళ్ళంతా లేత రంగు ప్లెయిన్ పట్టుచీరలు కట్టుకోవాలని వాట్సాప్ గ్రూపులో అనుకున్నారు. ఈవిడకు అమ్మగారి కోట్‌పాడ్ చీర మీద కలంకారీ బ్లౌజు వేసుకోవాలని ఉంది. "ఫొటోల్లో నువ్వొక్కదానివే వేరేగా కనిపించకు" అని అక్క మెసేజ్ పెట్టారు. "నాకు టేస్ట్ లేదా, లేక వీళ్ళకి అర్థం కావడం లేదా? పొద్దున్నే అద్దం ముందు నిలబడాలంటే టెన్షన్‌గా ఉంటోంది" అంటూ మూడు జతల ఫొటోలు కూడా పంపారు.

ముందు టేస్ట్ సంగతి తేల్చేద్దాం. ఫొటోలు చూశాను. మీ మూడు జతల్లో రెండు చాలా బాగున్నాయి, ఒకటి బాగాలేదు. కష్టం ఏమిటంటే, మీ అక్కగారు చూసిందీ ఆఫీసులో నవ్వు తెప్పించిందీ ఆ బాగాలేని జతే. దాంతో మీకు అన్నిటి మీదా అనుమానం వచ్చేసింది. బట్టల గురించి వచ్చిన మాటలూ, బట్టలను అడ్డం పెట్టుకుని వచ్చిన మాటలూ మీ ఉత్తరంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడాలి. బట్టల దగ్గర మొదలుపెడతాను, అది తేలిక.

అసలు డిజైన్ల మీద డిజైన్లు వేయడం మనకు కొత్తేమీ కాదు. గళ్ళ చీరకు జరీ అంచు ఉంటుంది, కొంగులో చారలుంటాయి, దాని మీద పూల బ్లౌజు వేసుకునేవాళ్ళు మన అమ్మలు. లంగా, ఓణీ, జాకెట్టు మూడూ మూడు రకాల బట్టలైనా ఎవరికీ వింతగా అనిపించలేదు. చుడీదార్లు వచ్చి, మ్యాచింగ్ సెంటర్లలో ప్రతి బట్టకూ సరిగ్గా అదే రంగు వెతకడం అలవాటయ్యాకే పై బట్టా కింద బట్టా ఒకటే కావాలన్న పట్టుదల పెరిగిందని నా అభిప్రాయం. మీ అక్కగారు ఏ పట్టుచీర కట్టుకున్నా అందులో కనీసం రెండు డిజైన్లు ఉండి తీరతాయి. ఇది ఆవిడతో వాదించడానికి చెప్పడం లేదు, మీ ధైర్యం కోసం చెబుతున్నాను.

మీ రెండో ఫొటో, అంటే నలుపూ గోధుమ రంగూ సన్నచారల టాప్ మీద మెరూన్ బాంధనీ చున్నీ, ఎందుకు కుదిరిందో చూడండి. చారలు ఎంత సన్నవంటే కాస్త దూరం నుంచి అవి చారల్లా కాక ఒకే బూడిద గోధుమ రంగులా కనిపిస్తాయి. అంటే చూసేవాళ్ళ కంటికి అది దాదాపు ప్లెయిన్ బట్టే. దాని మీద చుక్కల చున్నీ ఒక్కటే డిజైన్‌గా తెలుస్తుంది. మూడో ఫొటోలో పొందూరు చీర మీద పెద్ద నెమళ్ళ కలంకారీ బ్లౌజు కూడా అందుకే బాగుంది. చీరంతా ఖాళీ, బ్లౌజు నిండా బొమ్మ. ఇది ఎవరూ వంకపెట్టలేని జత.

ఇక మొదటి ఫొటో. నీలం తెలుపు గళ్ళ టాప్, ఎర్ర కలంకారీ చేతులు, పైన రాణీ పింకూ ఆకుపచ్చా చారల చున్నీ. గళ్ళూ చేతుల మీది పువ్వులూ ఇంచుమించు ఒకే సైజు. చున్నీ చారల వెడల్పూ అంతే. అందుకే కన్ను ఎక్కడా ఆగడం లేదు. దేన్ని ముందు చూడాలో తెలియకపోతే మనిషికి చికాకు వస్తుంది, ఆ చికాకే నోటికి వచ్చేసరికి "కర్టెన్లు" అయింది. మూడు డిజైన్లు వాడాలనుకుంటే ఒకటి పెద్దది, ఒకటి మధ్యస్తం, ఒకటి బాగా సన్నది ఉండాలి. ఒంటి మీద ఎక్కువ చోటు ఒక్కదానికే ఇవ్వాలి. మీ జతలో టాప్, చేతులు, చున్నీ మూడూ సమానంగా చోటు పంచుకున్నాయి.

రెండో ఇబ్బంది రంగు. జగదాంబ దగ్గర కొన్నానన్న ఆ చున్నీ పింకు మెరుస్తోంది, కలంకారీ ఎరుపేమో మట్టి కలిసిన ఎరుపు. రెండూ పక్కపక్కన ఉంటే కలంకారీ మాసిపోయినట్టు కనిపిస్తుంది. తప్పు కలంకారీది కాదు, చున్నీది. దాన్ని తీసేసి పొందూరు ముక్కో, నీలం మీద తెల్ల చుక్కలదో వేసి చూడండి. అదే టాప్ వేరేలా ఉంటుంది.

రంగుల విషయంలో మీకు పెద్ద సౌకర్యం ఉంది. మీ అమ్మగారి నూలు చీరలు చాలావరకు ఒకదానితో ఒకటి కలుస్తాయి. పెడనలో పాత పద్ధతి అద్దకంలో గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళతో నలుపు అచ్చు వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, తర్వాత రంగునీళ్ళలో ఉడకబెడతారు. కోట్‌పాడ్‌లో మీర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకే ఎరుపూ ముదురు గోధుమా ఎక్కిస్తారు, మిగతాది నూలు సహజ రంగు. ఒకచోట అచ్చు, ఇంకోచోట నేత, ఊళ్ళ మధ్య వందల కిలోమీటర్ల దూరం. అయినా ఆ ఎరుపులు రెండూ దాయాదులు. డిజైన్లు ఎంత వేరైనా రంగులు ఇలా చుట్టరికం కలిస్తే కన్ను ఒప్పుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఇప్పుడు కలంకారీ పేరుతో దొరికేవన్నీ ఇలాంటివి కావు. స్క్రీన్ ప్రింటు వేసినవి మరీ కొట్టొచ్చే రంగుల్లో ఉంటాయి. కొత్త ముక్క కొనేటప్పుడు అమ్మగారి చీర ఒకటి సంచిలో వేసుకెళ్ళి, షాపు ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం బయట వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి.

పొద్దున్నే అద్దం ముందు టెన్షన్ అన్నారు. ముందు రోజు రాత్రే జత వేసుకుని అద్దానికి 10 అడుగుల దూరంలో నిలబడండి. ఏది డిజైన్‌గా కనిపిస్తోందో, ఏది రంగుగా మారిపోయిందో తెలుస్తుంది. తర్వాత ఫోన్లో ఒక ఫొటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అంతా ఒకే బూడిదరంగులో కలిసిపోయినా, అన్నిచోట్లా నలుపూ తెలుపూ కొట్టుకుంటున్నా ఒకటి తీసి ఒకటి మార్చాలి. గాజులూ బ్యాగూ కూడా లెక్కలోకి తీసుకోండి. ఏటికొప్పాక లక్కగాజుల మీది చారలు కూడా ఒక డిజైనే. నా మాట వింటే ఆఫీసుకు రెండు డిజైన్లు దాటకండి. మూడోది సెలవు రోజుల్లో, మీ ఇంట్లో, మీకు సరదాగా ఉన్నప్పుడు.

టైలర్ దగ్గర మీరు అడగాల్సినవి కొన్నున్నాయి, ఎందుకంటే బొంతలా కనిపించడానికి సగం కారణం కుట్టు. రెండు డిజైన్లు కలిసే చోట సన్నగా ప్లెయిన్ పైపింగ్ వేయమనండి. రెండిటిలోనూ ఉన్న రంగే ఉండాలి, మీ నీలం టాప్‌కైతే ముదురు నీలం. ఆ గీత వల్ల అతికినట్టు కాక కావాలని చేసినట్టు ఉంటుంది. గళ్ళు పక్క కుట్ల దగ్గర ఒకదానికొకటి కలవాలంటే గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది. చీర 5.5 మీటర్లు ఉంటుంది కాబట్టి మీకు ఆ లోటు లేదు, పొదుపు చేయొద్దని ముందే చెప్పండి. యోక్ ముక్కను, అంటే భుజాల నుంచి ఛాతీ దాకా వచ్చే పై ముక్కను, క్రాస్‌లో కట్ చేయిస్తే గళ్ళు ఏటవాలుగా పడి, కలపాల్సిన పనే ఉండదు. కాకపోతే క్రాస్ ముక్క సాగుతుంది, లోపల లైనింగ్ తప్పదు.

పాత చీరకు కొత్త కలంకారీ జోడిస్తున్నప్పుడు కొత్తదాన్ని ముందుగా ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఉతికి, నీడలో ఆరబెట్టి ఇవ్వండి. పాత చీర ఎప్పుడో ముడుచుకోవలసినంత ముడుచుకుంది, కొత్తది ఇంకా ముడుచుకోలేదు. అలాగే కుట్టేస్తే మొదటి ఉతుకుకే అతుకుల దగ్గర ముడతలు వస్తాయి. మీ ఫొటోలో భుజం దగ్గర అదే జరిగింది. పొందూరు విషయంలో ఇంకా జాగ్రత్త. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో అంత సన్నగా వడికిన నూలు అది. బరువైన కలంకారీకి కలిపి కుడితే కుట్టు పక్కనే చిరుగుతుంది. దాన్ని చున్నీగా ఉంచడమే మేలు. విశాఖ ఉక్కకు అంతకంటే హాయైన చున్నీ కూడా దొరకదు.

ఆఫీసు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చిన్న విషయం. ఆ సీనియర్‌కు మీరు నవ్వుతూ "కర్టెన్లు కాదండీ, మా అమ్మ చీర" అని చెప్పొచ్చు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కొందరికి ఇబ్బందిగా అనిపించి మరీ ఎక్కువ పొగుడుతారు, అదీ భరించాలి. ఏమీ అనకుండా ఊరుకున్నా నష్టం లేదు, రెండు వారాల్లో అందరికీ అలవాటైపోతుంది. ఊరుకున్నా అదే మాట పదేపదే వస్తుంటే ఇక అది బట్టల గురించి కాదు. అప్పుడు ఆయనతో విడిగా, సూటిగా మాట్లాడాల్సి ఉంటుంది. మీవారి విషయంలో నాకు పెద్దగా కంగారు లేదు. ఫంక్షన్‌లో మీ అక్కగారి ఎదుట ఇరుక్కోవడం ఆయనకు ఇష్టం లేదు, అంతే.

ఇప్పుడు అక్కగారి దగ్గరికి వద్దాం. ఆవిడ అన్న రెండు వాక్యాలూ మీరు రాశారు, కానీ కోపమంతా మొదటిదాని మీదే పెట్టుకున్నారు. బొంత అన్నందుకు నొచ్చుకున్నారు. నాకు మాత్రం రెండో వాక్యమే ముఖ్యంగా కనిపిస్తోంది. "ఆ నీలం గళ్ళది కూడానా?" అంటే ఆవిడకు ఆ చీర గుర్తుంది. ఏ చీర పోయినా పర్వాలేదు కానీ అది పోకూడదనుకున్నారు. డిజైన్లు కలిపినందుకు వచ్చిన బాధ కాదది, కత్తెర పడినందుకు వచ్చింది. మీరు అదే టాప్‌ను ఎంత అందంగా కుట్టించుకున్నా ఆవిడ కాఫీ తాగకుండానే వెళ్ళేవారేమో.

పంపకంలో తనే వద్దన్నారు కదా అని మీరు అనవచ్చు. న్యాయంగా చూస్తే ఆ చీర మీదే, కోసే హక్కూ మీదే. కానీ చావింట్లో బీరువా తెరిచి పంచుకునేటప్పుడు ఎవరికీ అన్నీ తట్టవు. ఖరీదైనవి ముందు కంటికి ఆనతాయి. అమ్మ ఏ చీరలో వంట చేసేదో, ఏ కొంగుతో మొహం తుడిచేదో తర్వాతెప్పుడో గుర్తుకొస్తుంది. మీకు ఆ చీర ఒంటి మీద ఉంటే అమ్మ ఉన్నట్టుంది. ఆవిడకు అది మడత పెట్టి ఎక్కడో భద్రంగా ఉంటే చాలునేమో. ఇదంతా మీ ఉత్తరం చదివి నేను ఊహించింది. నిజమో కాదో మీరే అడిగి తెలుసుకోవాలి.

అడగడానికి ఒక దారి ఉంది. ఇంకే చీరా కోయకముందు, మిగిలినవన్నీ ఒక సంచిలో పెట్టుకుని గాజువాక వెళ్ళండి. "ఇందులో ఏవి కోయొద్దో చెప్పు" అనండి. ఇలా చేస్తే ఆవిడ మీకు బాగా నచ్చినదాన్నే తీసి పక్కన పెట్టేయవచ్చు, కోట్‌పాడ్ చీరే అడగవచ్చు. అది ఇచ్చే మనసు ఉంటేనే ఈ పని చేయండి. అడిగి, తర్వాత కాదంటే ఇప్పటికంటే పెద్ద గొడవవుతుంది. కోట్‌పాడ్ ఇవ్వలేను అనిపిస్తే దాన్ని ఇంట్లోనే ఉంచి, "అది నేను కట్టుకుంటాను, కోయను" అని ముందే చెప్పేయండి. నీలం చీరలో కోయగా మిగిలిన భాగం, కొంగైనా సరే, ఉంటే ఆవిడకు ఇవ్వండి. దాన్ని సంచిగానో దిండు గలీబుగానో కుట్టించి తీసుకెళ్ళకండి, ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి.

ఇలాంటి మాటలు మీ ఇద్దరికీ అలవాటు లేవు, మొహమాటం అంటారా, కొన్నాళ్ళు ఊరుకోవడమూ ఒక పద్ధతే. కాకపోతే నిశ్చితార్థం నాటికి ఈ చిన్న కోపం చీర రంగు మీద గొడవగా బయటపడుతుంది. ఆ రోజు మీరేం కట్టుకున్నా అది అక్కకు జవాబులాగే కనిపిస్తుంది.

నిశ్చితార్థానికి మూడు రకాలుగా వెళ్ళొచ్చు. గ్రూపులో అనుకున్నట్టు లేత రంగు ప్లెయిన్ పట్టుచీర కట్టుకుని, చిన్న బుటాల కలంకారీ బ్లౌజు వేసుకోవచ్చు. ఫొటోల్లో అందరితో కలుస్తారు, దగ్గరగా చూసినవాళ్ళకు మీదైన పద్ధతి తెలుస్తుంది. మీకు కొంచెం రాజీ పడ్డట్టు అనిపిస్తుంది, అంతే. రెండోది, ఫొటోల వరకు పట్టుచీర, భోజనాల తర్వాత కోట్‌పాడ్. ఇది వినడానికి బాగుంటుంది కానీ పెళ్ళికూతురి పిన్ని అన్నాక హాల్లో నూటెనిమిది పనులుంటాయి, చీర మార్చుకునే తీరిక దొరకదు. పైగా అందరూ "ఎందుకు మార్చావు" అని అడుగుతారు. మూడోది, మొదటినుంచీ కోట్‌పాడ్ చీరే. చూడ్డానికి అది చాలా బాగుంటుందనే నా నమ్మకం: చీర మధ్యభాగం ఖాళీగా ఉంటుంది, నేసిన బొమ్మలన్నీ అంచుల్లో, కొంగులో ఉంటాయి, ఎరుపుకు ఎరుపు కలుస్తుంది. కానీ అది అక్కకు ముందే చెప్పి, ఆవిడ సరేనన్నాక కట్టుకోవలసిన చీర. చెప్పకుండా కట్టుకెళితే ఎంత బాగున్నా ఆ రోజంతా మీకు గుచ్చుకుంటూనే ఉంటుంది. పెళ్ళికూతురి తల్లిగా ఆ ఒక్కరోజు ఎలా కనిపించాలో చెప్పే చనువు ఆవిడకు ఉందని నేననుకుంటాను. మిగతా రోజులన్నీ మీవే.

"పిన్నీ, ఆ చుక్కల చున్నీ నాకిస్తావా" అని మీ అక్క కూతురు అడిగిందని రాశారు. ఆ చున్నీ సంతోషంగా ఇవ్వండి. "మీ అమ్మకు నువ్వు చెప్పు" అని మాత్రం ఆ పిల్ల చేత చెప్పించకండి. తన నిశ్చితార్థం ముందు తల్లికీ పిన్నికీ మధ్య నిలబడే పని ఆమెకు పెట్టడం బాగుండదు.

ఇక బ్లౌజు. పట్టుచీర మీదికైనా కోట్‌పాడ్ మీదికైనా పెద్ద నెమళ్ళు వద్దు, చిన్న బుటాలే తీసుకోండి. మరీ సన్న గీతలూ చిన్న గళ్ళూ కూడా వద్దు, వీడియోలో అవి కదులుతున్నట్టు మెరుస్తాయి. కోట్‌పాడ్ చీర మందంగా ఉంటుంది కాబట్టి బ్లౌజు గుడ్డ మెత్తగా, లైనింగ్ పల్చటి నూలుదిగా ఉండాలి. చీరను ఒకసారి మడత విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టి మడతల దగ్గర నూలు పలచబడిందేమో చూసుకోండి. పలచబడిన చోటు కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టుకుంటే సరిపోతుంది. మీరు ఏ దారి ఎంచుకున్నా పనికొస్తుంది కాబట్టి ఆ బ్లౌజు ముక్క ఈ వారమే టైలర్‌కు ఇచ్చేయండి. ముహూర్తాలు దగ్గర పడ్డాక ఇస్తే చెప్పిన రోజుకు చేతికి రాదు.